గుర్తు ఎటు తిరగాలి?

బరంపురం, 2025 జూన్ 24

బడబజారు ట్యూషన్‌లో ఇవాళ అసమీకరణాలు. గుర్తులతో ఇస్తే టకటకా చేసేసే పిల్లలే, మాటల్లో ఇచ్చేసరికి కలం కింద పెట్టేస్తున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు. ఇవన్నీ దాటాక గానీ x దగ్గరికి చేరరు పాపం.

పుస్తకం మూయించి మన ఊరి లెక్క ఇచ్చాను. మామ్మ 500 రూపాయలిచ్చింది. అప్పడాల ప్యాకెట్టు 45. గోపాలపూర్ వెళ్ళి రావడానికి కనీసం 120 మిగలాలి. ఎన్ని ప్యాకెట్లు కొనొచ్చు?

500 − 45x ≥ 120 అని అందరూ రాశారు. −45x ≥ −380 దాకా కూడా వచ్చారు. అక్కడ −45తో భాగించి, గుర్తును అలాగే ఉంచేసి, x ≥ 8.44 అన్నాడొకడు.

"అంటే తొంభై ప్యాకెట్లు కొన్నా 120 మిగులుతాయా?"

"మామ్మ చంపేస్తుంది మాస్టారూ!" అన్నాడు పక్కవాడు.

రుణసంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఆ మాటతో ఎక్కింది. 5 కంటే 3 చిన్నది, −5 కంటే −3 పెద్దది అని కారణం కూడా చూపించాను. x ≤ 8.44. ఎనిమిది కొంటే 140 మిగులుతాయి, తొమ్మిది కొంటే 95.

జూన్ 27

రథయాత్ర. ట్యూషన్‌కు సెలవు. ఈ <, > గుర్తులు థామస్ హారియట్ అనే ఇంగ్లీషాయన పుస్తకంలో 1631లో అచ్చయ్యాయి, అప్పటికి ఆయన పోయి పదేళ్ళు. పిల్లలకు చెబితే "పరీక్షలో వస్తుందా?" అంటారు. రాదు.

జూన్ 29

నేతపనివాళ్ళ పిల్ల ఒకతె ఉందని ఇవాళ పట్టుచీరల లెక్క కట్టాను. అంకెలు నా ఊహవే, అసలు కూలి రేట్లు కావు. చేతిలో 1500 ఉన్నాయి. చీరకు కూలి 900. మొత్తం 8000కి తగ్గకూడదు. ఎన్ని చీరలు నేయాలి?

1500 + 900x ≥ 8000, x ≥ 7.22. చాలామంది ఏడు అని రాశారు, 7.22కి దగ్గరిది ఏడే కదా అని. ఏడు చీరలతో 7800 అవుతాయి, ఇంకా 200 తక్కువ. ఆ పిల్ల ఒక్కతే ఎనిమిది రాసింది. "ముక్క చీరకి కూలెవరిస్తారండీ" అంది.

మొన్న 8.44ను కిందికి దించాం, ఇవాళ 7.22ను పైకి ఎక్కించాం. దశాంశాల పాఠంలో నేర్చుకున్న సవరింపు రెండోచోట ముంచింది. రేపటి నుంచి జవాబు కింద అదనంగా ఒక వరుస రాయించాలి: వచ్చిన సంఖ్యనూ దాని పక్క సంఖ్యనూ లెక్కలో పెట్టి చూపాలి. చూపనివాళ్ళకు సగం మార్కులే.