విగ్రహవాక్యం

జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పినవాడికి నల్లతెర మీద ఆజ్ఞలు వ్రాసే పని ఎందుకు పడిందో ఈ టపాలో విన్నవించుకుంటాను.

నాతోపాటు తెలుగు చెప్పిన మిత్రుడొకరు నిరుడు మిరపకోతల రోజుల్లో కాలం చేశారు. ఆటవెలదులలో ఒక శతకం వ్రాసుకున్నారు గాని అచ్చు వేయించలేదు. వారి అమ్మాయి అద్దంకి వచ్చి ఒక పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టి, "బాబాయిగారూ, నాన్న వ్రాసినవన్నీ ఇందులో ఉన్నాయి. తెరుచుకోవడం లేదు" అన్నది. చూస్తే ప్రతి ఫైలు పేరు చివరా 'జీజెడ్' అన్న తోక. ఫ్లాపీలలో పట్టించడానికని ఆయన ఎప్పుడో కుదించి దాచినవట.

ఆ ముడి విప్పే పనిముట్టు పేరు గన్‌జిప్. ఝాన్‌లూ గాయీ, మార్క్ ఆడ్లర్ అనే ఇద్దరు 1992లో లోకానికి ఉచితంగా ఇచ్చిన జీజిప్‌కు జోడు ఇది. దీనికి బొమ్మలూ లేవు, బొత్తాలూ లేవు. టెర్మినల్‌లో దాని పేరు, పక్కన ఫైలు పేరు వ్రాసి ఎంటర్ నొక్కాలి, అంతే. నేనూ నొక్కాను. ఏమీ పలకలేదు. వెదికితే జీజెడ్ ఫైలు మాయం! చెమటలు పట్టాయి. తీరా చూస్తే తోక లేని ఫైలు పక్కనే ఉన్నది. విప్పిన తరువాత మూటను పారవేయడం దాని స్వభావమట. మూట కూడా ఉండాలంటే హైఫన్ పెట్టి 'కె' అనే అక్షరం చేర్చాలని మనుమడు ఫోనులో చెప్పాడు.

కుదింపు ఎలా జరుగుతుందో తెలుసుకున్నాక ముచ్చటవేసింది. ఒకసారి వచ్చిన మాట మళ్లీ వస్తే దానిని తిరిగి వ్రాయదు. 'ఇన్ని అక్షరాలు వెనక్కి వెళ్లి ఇన్ని తెచ్చుకో' అని మాత్రం వ్రాసుకుంటుంది. లెంపెల్, జివ్ 1977లో చెప్పిన ఉపాయమిది. తరచుగా వచ్చేవాటికి పొట్టి గుర్తులు, అరుదైనవాటికి పొడుగు గుర్తులు ఇచ్చే హఫ్‌మన్ పద్ధతి (1952) దానికి తోడు. యూనికోడు తెలుగులో ఒక్కొక్క గుర్తుకు మూడేసి బైట్లు, వాటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే. ఇక శతకమంటే పద్యపద్యానికీ మకుటం. కుదింపుకు ఇంతకంటే అనువైనది ఉంటుందా?

సమాసానికి విగ్రహవాక్యం చెప్పడమే ఇదంతా అనుకున్నాను. కాని ఒక భేదమున్నది. 'పీతాంబర' అన్నచోట కర్మధారయమా, బహువ్రీహియా అని మనం తర్కించుకోవచ్చు. గన్‌జిప్‌కు విగ్రహం ఒక్కటే. మూట కట్టినప్పుడు ఏమున్నదో అదే, పొల్లు కూడా పోకుండా.

వ్యాఖ్యానాలూ వ్యాసాలూ అన్నీ విచ్చుకున్నాయి. శతకం దగ్గరికి వచ్చేసరికి 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఫైల్' అన్నది. ఫైలు నడుమనే తెగిపోయిందన్నమాట. ఫ్లాపీ నుంచి పెన్‌డ్రైవులోకి ఎక్కించినప్పుడు సగమే వచ్చి ఉంటుంది. గన్‌జిప్ అప్పటికి విప్పినది కూడా చెరిపివేసింది. మళ్లీ మనుమడే దారి చూపాడు. జెడ్‌క్యాట్ అన్న ఆజ్ఞతో విప్పుతూ, వచ్చినది వచ్చినట్లు వేరే ఫైలులోకి మళ్లిస్తే తెగినంత మేరకు దక్కుతుందట.

దక్కింది. డెబ్బై ఒక్క పద్యాలు పూర్తిగా. డెబ్బై రెండవదానిలో రెండు పాదాలు, మూడవ పాదంలో మూడు సూర్యగణాలు. ఆపైన యతిస్థానంలో అక్షరం నడుమ విరిగి, ప్రశ్నార్థకమున్న నల్లని గడి ఒకటి. తరువాత శూన్యం.

అమ్మాయి అన్నది: "నాలుగవ పాదం మకుటమే కదా! రెండు గణాలు మీరు పూరించలేరా? నన్నయగారు వదిలిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూర్తి చేయలేదా? ఈ అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడేగా!"

పూరించగలను. ఏ అక్షరంతో మొదలుపెట్టాలో యతే చెబుతున్నది. ఆ రాత్రి కాగితం మీద మూడు విధాల పూరించి చూశాను కూడా. మూడూ గణానికి సరిపోయాయి. ఏది ఆయనదో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఎర్రన తన భాగాన్ని రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చి తాను ఒదిగి నిలిచాడు. అయినా నన్నయ ఎక్కడ ఆగాడో లోకానికి తెలుసు. నేను పూరిస్తే ఇక్కడ అతుకు చూపేవారెవరు? నేనూ పోయాక నా రెండు గణాలు ఆయనవే అయిపోతాయి. ఆ చిన్న పనిముట్టు తనకు అందనిదాన్ని ఊహించి చెప్పలేదు. దానికున్న నియమం పండితుడికి ఉండవద్దా?

శాసనాల ప్రతులలో శిథిలమైన చోట చుక్కలు పెట్టినట్లే నేనూ చుక్కలు పెట్టి అచ్చు తీసి అమ్మాయికిచ్చాను. ఆమె చాలాసేపు ఆ చుక్కలనే చూసింది. "అటక మీద పాత ఫ్లాపీల డబ్బా ఒకటి ఉండాలి, వెదుకుతాను" అని వెళ్లింది.

మిత్రులారా, మీ దగ్గర పెద్దలు కుదించి దాచిన ఫైళ్లుంటే ఈరోజే గన్‌జిప్‌కు హైఫన్, 'టి' చేర్చి పరీక్షించండి. మూట విప్పకుండానే లోపల క్షేమమో కాదో చెబుతుంది. వ్రాసినవారు ఉండగానే అడిగితే, చుక్కలు పెట్టే అవసరం రాదు.