వీసా లేకుండా అమెరికా చూడాలంటే... సార్నియా

కెనడాలో ఉన్న తెలుగువాళ్ళింటికి ఇండియా నుంచి చుట్టాలొచ్చారంటే మొదటి శనివారం నయాగరా ఖాయం. ఆర్నెల్లకి ఇంకో బృందం వస్తే మళ్ళీ నయాగరా. జలపాతం ఎన్నిసార్లు చూసినా అందమే, కాదనను. కానీ వేసవిలో అక్కడ పార్కింగుకి, పడవ టిక్కెట్లకి, క్లిఫ్టన్ హిల్‌లో పిల్లలు కనబడిన ప్రతి ఆటా ఆడడానికి అయిన ఖర్చు తర్వాత నెల క్రెడిట్ కార్డు బిల్లులో వరసగా కనబడినప్పుడు, అసలు జలపాతం మన కళ్ళలోనే ఉందనిపిస్తుంది.

కొత్తగా వచ్చిన కుటుంబాలకీ, వీపున సంచీ తగిలించుకుని ఎక్కడికైనా చవగ్గా పోయివద్దామనుకునే విద్యార్థులకీ, అమ్మానాన్నలకి కెనడా వీసా దొరికి అమెరికా వీసా దొరకని ఇళ్ళకీ నేను చెప్పే ఊరు సార్నియా. చూడదగ్గవాటిలో చాలా భాగం అక్కడ ఉచితం. పైగా అమెరికా కంటి ఎదురుగా ఉంటుంది.

సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్ – ఈ మూడు మహా సరస్సుల నీరూ హ్యూరాన్ దక్షిణపు కొసకి చేరి, అక్కడి నుంచి సెయింట్ క్లెయిర్ నదిగా కిందికి పరుగెడుతుంది. ఆ మలుపు దగ్గర ఇవతలి ఒడ్డు సార్నియా, అవతలి ఒడ్డు మిషిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరాన్. 2021 జనాభా లెక్కల ప్రకారం సార్నియాలో ఉన్నది 72 వేల మంది. మనవైపు ఓ మోస్తరు మునిసిపాలిటీ అన్నమాట. మొదట్లో ఈ ఊరిని ‘ది ర్యాపిడ్స్’ అనేవారు. 1836లో దీనికి పోర్ట్ సార్నియా అని పేరు పెట్టారు. గవర్నర్ జాన్ కోల్బోర్న్ అంతకుముందు గవర్నరుగా చేసిన గెర్న్సీ ద్వీపానికి రోమన్లనాటి పేరు సార్నియా.

టొరాంటో నుంచి 290 కిలోమీటర్లు. 401 మీద లండన్ దాకా వచ్చి 402 పట్టుకుంటే, ఆ రోడ్డు చివర ఉన్నది అమెరికా సరిహద్దే. కాబట్టి వంతెనకి ముందు వచ్చే చివరి ఎగ్జిట్ దగ్గర డ్రైవరు కబుర్లు ఆపాలి. అది దాటిపోతే కస్టమ్స్ వారికి కథంతా చెప్పుకోవలసి వస్తుంది. రానూపోనూ దాదాపు 600 కిలోమీటర్లు, మామూలు కారుకి 50 లీటర్ల పెట్రోలు. నలుగురు పంచుకుంటే తలకి ఎంతో మీరే లెక్కేసుకోండి. కారు లేనివాళ్ళకి వయా రైలు ఉంది. రోజుకి ఒక్కటే: టొరాంటోలో సాయంత్రం బయలుదేరి రాత్రికి చేరుతుంది, సార్నియాలో పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి టొరాంటో వస్తుంది. అంటే రైల్లో వెళ్తే శుక్రవారం ఎక్కి ఆదివారం తిరిగిరావడమే పద్ధతి. వేళలు మారుతుంటాయి, చూసుకుని కొనండి. 1982 నుంచి 2004 దాకా టొరాంటో–చికాగో రైలు ఈ ఊరి మీదుగానే నడిచేది. నది కిందనుంచి 1891లోనే రైలు సొరంగం తవ్వారు. నీటి అడుగున ఒక దేశం నుంచి ఇంకో దేశానికి రైలు వెళ్ళడం ప్రపంచంలో అదే మొదలు.

యూరప్‌లో లాగా ఒక్కో గదిలో ఎనిమిది మంచాలున్న హాస్టళ్ళ కోసం ఇక్కడ వెతకొద్దు. హైవేకి దగ్గరలో మోటెళ్ళున్నాయి. గుడారం వేసుకునే ఓపిక ఉంటే గ్రాండ్ బెండ్ దగ్గర పైనరీ ప్రొవిన్షియల్ పార్కు ఉంది, కారులో గంట ప్రయాణం. వేసవికి చోట్లు ముందే అయిపోతాయి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళడానికి సిగ్గుపడొద్దు. ఈ ఊళ్ళో నది పొడుగునా బల్లలున్నాయి, తినడానికి అంతకన్నా మంచి చోటు ఏ హోటల్లోనూ దొరకదు.

ముందుగా వంతెన కిందికి వెళ్ళండి. పాయింట్ ఎడ్వర్డ్ అనే చిన్న గ్రామం సార్నియాని ఆనుకునే ఉంటుంది, బ్లూ వాటర్ వంతెన దిగేది అక్కడే. జంట వంతెనలవి. మొదటిది 1938లో, రెండోది 1997లో తెరిచారు. నడిచి దాటనివ్వరు గానీ కింద ఎంతసేపు కూర్చున్నా అడిగేవారుండరు. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద కూర్చున్నవాళ్ళకి ఈ సుఖం తెలుసు. అయితే గోదావరి అక్కడ సముద్రమంత, ఇది ఏరంత. పాత వంతెన ప్రధాన భాగం 265 మీటర్లు; దాని కాళ్ళు రెండూ ఒడ్ల మీదే ఉన్నాయి గనక నది అంతకన్నా వెడల్పుండదు. మూడు సరస్సుల నీళ్ళు ఆ సందులోంచి పోవాలి కాబట్టి వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. రంగు మాత్రం నెమలి మెడ రంగు. ఇంత పెద్ద ఊరి పక్కన అంత శుభ్రమైన నీలం నేను ఇంకెక్కడా చూడలేదు.

పిల్లలూ, మీకో లెక్క. ఈ సరస్సుల్లో తిరిగే ఓడల్లో అన్నిటికన్నా పొడవైనది ‘పాల్ ఆర్. ట్రెగర్తా’, 309 మీటర్లు. నది 265 మీటర్ల లోపే. ఆ ఓడని ఇక్కడ అడ్డంగా తిప్పితే ఏమవుతుంది? ముక్కు అమెరికాకి, తోక కెనడాకి గుచ్చుకుంటాయి! అందుకే కెప్టెన్లు ఈ మలుపులో చాలా జాగ్రత్తగా పోతారు. ఓడల జాడ చూపించే యాప్ ఫోనులో పెట్టుకుంటే, రాబోయే ఓడ పేరేమిటో, ఎక్కడికి పోతోందో ముందే తెలుస్తుంది.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. ఇక్కడికి రాగానే రోమింగ్ ఆపెయ్యండి. మీరు కెనడాలోనే కూర్చున్నా మీ ఫోను అవతలి ఒడ్డు టవరుని పట్టుకుని, మీరు అమెరికా వెళ్ళినట్టు బిల్లు వేయించగలదు. చవక ప్రయాణాన్ని ఖరీదైనది చెయ్యడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు.

వంతెన కింద చిప్స్ ట్రక్కులు నిలబడి ఉంటాయి. బంగాళాదుంప వేపుడు మీద ఉప్పు, వెనిగర్ చల్లి కాగితపు గిన్నెలో ఇస్తారు. మిర్చి బజ్జీల బండి దగ్గర గుమిగూడినట్టే జనం గుమిగూడతారు. శాకాహారులు ఏ నూనెలో వేయిస్తున్నారో ఒక్క మాట అడగండి. పుటీన్ మీద పోసే గ్రేవీలో మాంసపు రసం ఉండే అవకాశం ఎక్కువ, అదీ అడగాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. మన ఇళ్ళల్లో చాలాచోట్ల ఒక అబ్బాయి డెట్రాయిట్ వైపు, ఒక అమ్మాయి టొరాంటో వైపు. డెట్రాయిట్ ఇక్కడికి 100 కిలోమీటర్లే. కానీ మధ్యలో కాగితాలున్నాయి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్న అన్నయ్య పాస్‌పోర్టూ కార్డూ చూపించి కెనడాకి వీసా లేకుండా రావచ్చు. కెనడా పి.ఆర్. ఉన్న చెల్లెలు మాత్రం ఇండియన్ పాస్‌పోర్టుతో అటు వెళ్ళాలంటే వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురుచూడాలి. అమ్మానాన్నలు కెనడా వీసా మీద వచ్చి ఉంటే వాళ్ళకీ అదే దారి. కాబట్టి కలుసుకునే చోటు నదికి ఇవతలే ఉండాలి, అన్నయ్య మరీ ఎక్కువ దూరం నడపక్కర్లేకుండా ఉండాలి. మ్యాప్ తీసి చూస్తే ఆ ఊరు సార్నియా.

హెచ్-1బి వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ముందు కెనడా వీసా కావాలి. పాస్‌పోర్టులో అమెరికా స్టాంపింగ్ గడువు తీరినా, 30 రోజుల లోపు కెనడా వచ్చి వెళ్ళడానికి ఒక వెసులుబాటు ఉంది గానీ దానికి షరతులున్నాయి. లాయరుని అడక్కుండా వంతెన ఎక్కొద్దు. అలా రాలేకపోయిన ఒక అబ్బాయి కుటుంబం నాకు తెలుసు. తల్లిదండ్రులు ఇవతల బల్ల మీద కూర్చున్నారు. అతను భార్యాబిడ్డలతో పోర్ట్ హ్యూరాన్ వైపు వంతెన కిందకి వచ్చి నిలబడ్డాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ‘ఎర్ర చీర నువ్వేనా అమ్మా, ఒకసారి చెయ్యెత్తు’ అన్నాడట. మొగుడూ పెళ్ళాలిద్దరూ లేచి చేతులెత్తారు. మనవడికి నాలుగేళ్ళు, వాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుంటే తెల్ల టోపీ ఒక్కటే కనబడింది వీళ్ళకి. పెద్దావిడ ఆ గంటసేపూ కూర్చోలేదట.

ఆ పోర్ట్ హ్యూరాన్‌లోనే థామస్ ఎడిసన్ పెరిగాడు, అక్కడి రైళ్ళలో పత్రికలమ్మాడు. ఒకసారి మంచు గడ్డలకి నదిలోని టెలిగ్రాఫ్ తీగ తెగిపోతే, అతను రైలింజను కూతని మోర్స్ సంకేతాల్లో మోగించి సార్నియాతో మాట్లాడాడని కథగా చెబుతారు. ఇటూఅటూ మాట్లాడుకోవాలన్న ఆరాటం ఈ నదికి కొత్త కాదు.

కాగితాలు లేకుండా నది దాటినవాళ్ళూ ఉన్నారు, అదీ ఒకేసారి దాదాపు 1,500 మంది! ఏటా వేసవిలో పోర్ట్ హ్యూరాన్ జనం గాలి నింపిన ట్యూబుల మీద నదిలో తేలుతూ పోయే వేడుక ఒకటుంది. 2016 ఆగస్టు 21న గాలి తిరగబడి వాళ్ళందర్నీ కెనడా ఒడ్డుకి నెట్టేసింది. ఒంటిమీద తడిబట్టలు తప్ప చాలామంది దగ్గర ఏమీ లేవు. సార్నియావాళ్ళు ఒడ్డుకి లాగి, సిటీ బస్సులు పెట్టి, వంతెన మీదుగా వెనక్కి పంపించారు. మనం ఎన్ని ఫారాలు నింపామో తల్చుకుంటే నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది.

మీరు మాత్రం నదిలో దిగొద్దు. ఈతకి కానటారా పార్కు ఉంది, హ్యూరాన్ సరస్సు ఒడ్డున, ప్రవేశం ఉచితం. ఓజిబ్వే భాషలో ఆ పేరుకి నీలి నీరు అని అర్థం చెబుతారు. ఇసుక మెత్తగా ఉంటుంది. జూన్‌లో నీళ్ళు చల్లగా ఉంటాయి, జూలై నెలాఖరుకి బాగుంటాయి. పక్కనే చిన్న పశువుల కొట్టం, మేకలు, గొర్రెలు, కోళ్ళు. దానికీ టిక్కెట్ లేదు. మన పిల్లలకి మేకని చూపించడానికి 290 కిలోమీటర్లు రావాలా అని మా మామయ్యగారు అన్నారు గానీ, ఆయనే అక్కడ అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డారు.

విశాఖపట్నం వాళ్ళకి ఈ ఊరు ఇంకో రకంగానూ తెలిసినట్టే ఉంటుంది. ఒక పక్క బీచి, ఓడలు. ఇంకో పక్క రిఫైనరీ గొట్టాలు, వాటి మీద మంట. బీచి నుంచి మల్కాపురం వైపు వెళ్ళినట్టే, నది వెంట దక్షిణానికి వెళ్తే ‘కెమికల్ వ్యాలీ’ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాను చేతిలో పడ్డాక, 1942లో కెనడా ప్రభుత్వం కృత్రిమ రబ్బరు కోసం ఇక్కడ పాలిమర్ కార్పొరేషన్ పెట్టింది. దాని మీద ఎంత గర్వమంటే 1971 నాటి పది డాలర్ల నోటు వెనక ఆ ఫ్యాక్టరీ బొమ్మే వేశారు.

ఆ గొట్టాల పక్కనే ఆమ్‌జివ్నాంగ్ అనే ఆదివాసుల ఊరుంది. ఫ్యాక్టరీల కన్నా చాలా ముందునుంచీ ఉన్నది వాళ్ళు. 2024 ఏప్రిల్‌లో పక్కనున్న స్టైరీన్ కర్మాగారం నుంచి వెలువడిన బెంజీన్‌తో జనం అస్వస్థులైతే ఆ ఊరు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. తర్వాత ఆ కర్మాగారాన్ని శాశ్వతంగా మూసేస్తున్నట్టు యాజమాన్యం చెప్పింది. స్టైరీన్ అన్న మాట మనకి 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో తెలిసింది. అందుకే రాత్రిపూట ఆ దీపాలు కారులోంచి చూసి ‘అబ్బ, దీపావళిలా ఉంది’ అని పిల్లలంటే, ఆ వెలుగు పక్కన ఇళ్ళున్నాయని కూడా వాళ్ళకి చెప్పాలి. కెనడాలో మనం నింపే పెట్రోల్లో కొంత ఇక్కడ తయారయ్యేదే.

ఇంకో సగం రోజుంటే ఆయిల్ స్ప్రింగ్స్ చూడండి. 1858లో ఉత్తర అమెరికాలో మొదటి వాణిజ్య చమురు బావి తవ్విన చోటు. మ్యూజియం టిక్కెట్ కొంచెమే. చుట్టుపక్కల పొలాల్లో కర్ర కడ్డీలతో కిర్రుకిర్రుమని ఊగే పాతకాలపు పంపులు ఇప్పటికీ నూనె తోడుతున్నాయి. ఊరి నడిబొడ్డున ఆర్ట్ గ్యాలరీ ఉచితం, వానొస్తే పనికొస్తుంది. విమానాశ్రయానికి ఇక్కడే పుట్టిన వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ పేరు పెట్టారు.

జూన్ నెలాఖర్లో సూర్యాస్తమయం తొమ్మిది దాటాకే. అది కానటారాలో చూసి, మళ్ళీ వంతెన కిందికి రండి. అప్పటికి రెండు వైపులా దీపాలు వెలిగి ఉంటాయి. ఓడ వస్తే పిల్లల్ని రెయిలింగ్ దగ్గర నిలబెట్టి బాగా చేతులూపమనండి. కెప్టెన్ మంచి హుషారులో ఉంటే హారన్ కొడతాడు: మూడు పొడుగు, రెండు పొట్టి. అమ్మమ్మగారిని చెవులు మూసుకోమని ముందే చెప్పండి.