అన్నీ కరోనా ఖాతాలో వేసేయకండి

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మొన్న హాస్టల్లో ఒక చెల్లి, "అక్కా, కరోనా వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి నాకు నీరసమే. ఇది ఇంక ఇంతేనంట కదా?" అని అడిగింది. ఆ "ఇంతేనంట" అనే మాట మా ఇంట్లో ఎంత నష్టం చేసిందో తనకి కూర్చోబెట్టి చెప్పాను. అదే ఇక్కడ కూడా రాస్తున్నా.

మాది పాడేరు దగ్గర కొండ మీద ఊరు. 2021 మే, సెకండ్ వేవ్. కాలేజీ మూసేస్తే నేను ఇంటికొచ్చేశాను. ముందు అన్నయ్యకి జ్వరం, నాలుగు రోజులకి నాకు. టెస్టు చేస్తే ఇద్దరికీ పాజిటివ్. పది రోజులు విడిగా పాకలో ఉన్నాం. ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం రాలేదు. జ్వరాలు తగ్గాయి, గండం గడిచిందనుకున్నాం.

కానీ ఇద్దరికీ నీరసం పోలేదు. నాకు బోరు దగ్గర్నుంచి బిందె తెస్తే గుండె దడ. అన్నయ్యకి జూలై నుంచి దగ్గు పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి జబ్బుపడ్డాం కాబట్టి ఇద్దరిదీ ఒకటే అనుకున్నారు అందరూ. అక్కడే తప్పు చేశాం.

అన్నయ్య జీపు నడుపుతాడు. సాయంత్రం అయ్యేసరికి వాడి ఒళ్ళు వెచ్చబడేది. రాత్రి చెమటకి దుప్పటి తడిసిపోయేది. అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు. దసరా నాటికి బెల్టుకి మేకుతో రెండు కొత్త కన్నాలు పెట్టుకున్నాడు. సంత రోజు వచ్చే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే, "కరోనా తాలూకు నీరసం, మెల్లగా పోతుంది" అని సెలైన్ ఎక్కించి పంపేవాడు. ప్రతి వారం డబ్బులు, ప్రతి వారం అదే మాట. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

నవంబర్లో మా ఊరి ఆశా అక్క వాడి దగ్గు విని అమ్మ మీద కేకలేసింది. "రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించాలని ఎన్నిసార్లు చెప్పాను మీకు?" అంది. మర్నాడే పీహెచ్‌సీకి తీసుకెళ్ళింది. టీబీ అని తేలింది. అదే ఇంట్లో మూడేళ్ళ మా మేనల్లుడు రోజూ వాళ్ళ నాన్న పక్కలోనే పడుకుంటున్నాడు. ఆ రాత్రి వదిన ఏడుపు నేను మర్చిపోలేను.

అదృష్టం బాగుండి పిల్లాడికి జబ్బు అంటలేదు. ముందు జాగ్రత్తగా వాడికి కూడా ఆరు నెలలు మాత్రలు వేశారు. అన్నయ్య ఆరు నెలల కోర్సు పూర్తి చేశాడు, ఒక్క రోజు కూడా మానకుండా. మందులన్నీ ఉచితమే. పోషణ కోసం అప్పట్లో నెలకి 500 రూపాయలు బ్యాంకులో పడేవి. 2024 నవంబర్ నుంచి దాన్ని 1,000 చేశారు. వాడు ఇప్పుడు మళ్ళీ జీపు నడుపుతున్నాడు. కానీ ఆ నాలుగు నెలలు వృథాగా పోయాయి కదా, అవి మందుతో పోవాల్సిన నెలలు.

ఇక నా సంగతి. అదే నవంబర్లో నాకు రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.2. ఆడవాళ్ళకి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడాను. 12 దాటింది, గుండె దడ కొంత తగ్గింది. అంటే నా నీరసంలో కొంత భాగం రక్తం లేకపోవడం వల్లే. అప్పటిదాకా నేను కూడా దాన్ని కరోనా ఖాతాలోనే రాసుకున్నాను.

కానీ మొత్తం పోలేదు. మిగిలినదాని తీరు వేరు. కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తే ఆ రోజు బాగానే కోసేదాన్ని. దెబ్బ మర్నాడు తగిలేది, ఒక్కోసారి ఆ మర్నాడు. ఒళ్ళంతా నలిపేసినట్టు, పుస్తకం తెరిస్తే చదివిన లైనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నట్టు. ఎంత నిద్రపోయినా తీరేది కాదు. రెండు మూడు రోజులు మంచం దిగేదాన్ని కాదు. "నిన్న చెంగుచెంగున కోసింది, ఇవాళ నాటకాలా? చదువుకుని సుకుమారం అయిపోయింది" అనేవాడు నాన్న. ఆయన్ని తప్పు పట్టలేను, చూసేవాళ్ళకి అలాగే కనిపిస్తుంది.

2022 చివర్లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. ఎత్తు సరిపోతుంది, రన్నింగ్ ఒక్కటి సాధిస్తే చాలనుకున్నా. తెల్లవారుజామున స్నేహితులతో పరుగు మొదలుపెట్టాను. రోజూ కొంచెం పెంచితే ఒంటికి అలవాటవుతుంది అన్నారు. అందరికీ అలవాటయ్యింది, నాకు మాత్రం రోజురోజుకీ తగ్గింది. మూడో వారంలో గ్రౌండ్‌లోనే కూలబడ్డాను. తర్వాత నెల రోజులు బాత్రూమ్‌కి కూడా గోడ పట్టుకునే వెళ్ళాను.

అప్పుడు విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు అన్నయ్య. అక్కడి డాక్టరమ్మ వెంటనే కరోనా పేరు ఎత్తలేదు. తెమడ, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, సికిల్ సెల్, మలేరియా అన్నీ చూపించింది. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక అప్పుడు చెప్పింది, ఇది లాంగ్ కోవిడ్ అని. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. లాంగ్ కోవిడ్‌ని పట్టే టెస్టు ఏదీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సాధారణంగా కరోనా వచ్చిన మూడు నెలలకి కనిపించే లక్షణాలు, కనీసం రెండు నెలలైనా ఉండాలి, ఇంకో జబ్బు వల్ల వచ్చినవి అయి ఉండకూడదు. ఈ చివరి ముక్కే అసలు సంగతి. మిగతా జబ్బులు కావని చూసుకున్నాక పెట్టాల్సిన పేరు అది. మనమేమో ముందే పెట్టేసుకుంటున్నాం.

పని చేసిన మర్నాడో ఆ తర్వాతో కుప్పకూలడం దీంట్లో పెద్ద గుర్తు అంది. అలాంటివాళ్ళు పంతం పట్టి పరిగెడితే ఇంకా దిగజారతారు. అలసట వచ్చాక కాదు, రాకముందే ఆగాలి. ఇరవై నిమిషాలు చదివి పది నిమిషాలు పడుకోవడం, ఒక రోజు బట్టలు ఉతికితే ఆ రోజు ఇంకో పని పెట్టుకోకపోవడం. వినడానికి చిన్న విషయాలే, నన్ను నిలబెట్టింది మాత్రం అవే. కానిస్టేబుల్ ఆశ వదులుకున్నాను. బాధ లేదని అబద్ధం చెప్పను. ఇప్పుడు బీఈడీ చేస్తున్నా, ముప్పాతిక వంతు కోలుకున్నా.

ఇంకొక్క మాట. మా హాస్టల్లో ఒక జూనియర్‌కి కీళ్ళు, ఎముకలు విపరీతంగా లాగేవి, కళ్ళు పచ్చబడేవి. తను కూడా కరోనా తర్వాత నొప్పులే అనుకుంది. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టాక మన దగ్గర కూడా పరీక్షలు చేశారు కదా, అందులో సికిల్ సెల్ జబ్బు బయటపడింది. ఆ అమ్మాయికి అది పుట్టుకతో ఉన్నదే.

కాబట్టి మన ఏజెన్సీ పిల్లలకి నేను చెప్పేది:

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ముందు తెమడ పరీక్ష.

మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, పాలిపోవడం ఉంటే హిమోగ్లోబిన్.

ఎముకల నొప్పులు, పచ్చకళ్ళు ఉంటే సికిల్ సెల్ పరీక్ష.

చలి జ్వరం వచ్చి పోయి మళ్ళీ వస్తుంటే మలేరియా. వైవాక్స్ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది, అందుకే 14 రోజుల మాత్రలు మధ్యలో ఆపకూడదు.

ఒళ్ళు బరువెక్కడం, చలి తట్టుకోలేకపోవడం, నెలసరి తేడాలు ఉంటే థైరాయిడ్.

ఇవన్నీ చూసుకున్నాక కూడా మిగిలితే, అప్పుడు లాంగ్ కోవిడ్ గురించి డాక్టర్ని అడగండి. ఒకటి ఉంటే ఇంకోటి ఉండదని కూడా అనుకోవద్దు, నాకు రెండూ ఉన్నాయి. వెళ్ళేముందు ఒక పేజీలో రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, రోజులో ఎప్పుడు ఎక్కువ, ఏ పని చేశాక, ఎన్ని రోజులు. డాక్టర్ ముందు కూర్చుంటే మనకి మాట రాదు, ఆ కాగితమే మాట్లాడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా "ఇది ఇంతే" అని నెలల తరబడి దగ్గుతుంటే ఈ పోస్టు చదివి వినిపించండి. వీలైతే రేపే పీహెచ్‌సీకి తీసుకెళ్ళండి. తోడు మీరే వెళ్ళండి.