పదకొండూ పాయింటు ఏడు

లెక్కలంటే భయపడి బి.ఏ. చదివినదాన్ని. నా నవలల్లో కథానాయిక జీతం ఎంతో కూడా రాయకుండా దాటేస్తూంటాను. అలాంటిదాన్ని 2023లో డల్లాస్‌లో మా అక్క ఇంటికి వెళ్ళి, పదకొండూ పాయింటు ఏడుని ముప్పై మందికి పైగా పంచే లెక్కలో ఇరుక్కుపోయాను.

అక్క కొడుకు బేస్‌బాల్ ఆడతాడు. అప్పటికి హైస్కూలు ఆఖరి ఏడు. ఓరోజు ఓ కాలేజీ కోచ్ ఫోన్ చేసి, పాతిక శాతం స్కాలర్‌షిప్పు ఇస్తామన్నాట్ట. పిల్లాడు గాల్లో తేలుతూ వచ్చి చెప్పాడు.

"పాతికేనా? మిగతా ముప్పాతికా ఎవరిస్తారు, మీ పిన్నా?" అన్నారు బావగారు. నేను కాఫీ కప్పులో మొహం దాచుకున్నాను.

అమెరికాలో ఆటగాళ్ళకి చదువు ఉచితమనుకునేదాన్ని. ఫుట్‌బాల్‌కైతే పెద్ద కాలేజీల్లో 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవిట. బేస్‌బాల్‌కి మాత్రం మొదటి శ్రేణి కాలేజీల్లోనే జట్టంతటికీ 11.7! విస్తళ్ళు ముప్పై, లడ్లు పన్నెండు, అందులో ఒకటి ఎవరో కొరికింది. కోచ్ వాటినే చిదిపి సర్దాలి. మూడో శ్రేణి కాలేజీలైతే ఆటకని పైసా ఇవ్వవు. చదువు చూసో, ఇంటి ఇబ్బంది చూసో ఇస్తాయి.

"అందుకే కోచ్ ముందు నా మార్కులడిగాడు పిన్నీ" అన్నాడు వాడు.

మార్కులకి కాలేజీ ఇచ్చే సొమ్ము ఈ పాతిక మీద కలుస్తుందట. పూర్వం మార్కులు మరీ గొప్పవైతే తప్ప, ఆ సొమ్మునీ కోచ్ వాటాలోనే లెక్క కట్టేవారు. 2020 ఆగస్టు నుంచి ఆ పేచీ లేదు. రెండూ కలిపి చదువు ఖర్చు మించకూడదు, అంతే. పైగా ఆట సొమ్ము చాలాచోట్ల ఏడాదికోసారి తిరగరాసేది. మోచెయ్యి పాడైతే పైయేడు ఏమౌతుందో? మార్కుల సొమ్ముకి మోచేతితో పని లేదు.

పదేళ్ళుగా "ఆ బంతి అవతల పారేసి పుస్తకం తియ్యి" అని అరిచిన బావగారు కరెంటు బిల్లు వెనకాల కూడికలు మొదలెట్టారు.

అక్క మాత్రం మాట్లాడలేదు. గుంటూరులో 1995లో బాల్ బ్యాడ్మింటన్‌లో కాలేజీ జట్టుకి కెప్టెన్ అది. "ఆటా, చదువా, ఒకటి తేల్చుకో" అన్నారు నాన్నగారు. రెండూ కలుస్తాయని ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. బ్యాటు అటకెక్కింది. ఆ రాత్రి అక్క అన్నం తినకపోవడం నాకు గుర్తుంది. నేనూ నాన్నగారి పక్షమే. ఫస్టుక్లాసు వస్తుందిగా, ఏడుపెందుకని అన్నాను కూడా.

చివరికి పిల్లాడికి ఆటకి పాతిక, మార్కులకి నలభై కుదిరింది. "ఆ ముప్పై అయిదూ నేను చూసుకుంటాలే" అన్నారు బావగారు, ఎవరి మొహమూ చూడకుండా.

2025లో కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ 11.7 హద్దే పోయింది. వాటి జట్టులో 34 మందే ఉండాలి. అందరికీ ఇవ్వొచ్చు, ఇచ్చి తీరాలని మాత్రం లేదు. లడ్ల లెక్క పోయి విస్తళ్ళ లెక్క వచ్చిందన్నమాట.

మొన్న అక్క ఫోన్ చేసింది. "ఏమే, అటక మీద నా బ్యాటుందా?"

ఉంది. తీగలు తెగిపోయాయి. పసుపు ఉన్నిబంతిని పురుగు తినేసింది. తీగలు వేసేవాళ్ళ కోసం అడుగుతున్నాను.