నీళ్ల లెక్క

మాది ఉద్దానం. కవిటి, సోంపేట వైపు ఏ ఊరెళ్లినా కిడ్నీ జబ్బు తెలియని వీధి ఉండదు. జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్లయినా కచ్చితంగా తేలలేదు. మా చిన్నాన్న దాంతోనే పోయాడు. తర్వాత నాన్న వంతు వచ్చింది.

డయాలసిస్ మొదలైన రోజే నేనొక నోటుపుస్తకం కొన్నాను. బరువు, బీపీ, తాగిన నీళ్లు, వచ్చిన మూత్రం, అన్నిటికీ గళ్లు గీశాను. రోజుకి ముప్పావు లీటరు దాటొద్దని డాక్టరు చెప్పారు. వంటింట్లో కొలత గ్లాసు పెట్టాను. వారానికి మూడుసార్లు ఆటోలో తీసుకెళ్లడం, నాలుగేసి గంటలు బయట బెంచీ మీద కూర్చోవడం, రిపోర్టులు ఫైల్లో పెట్టడం. నా పుస్తకం చూసి అక్కడి నర్సు మెచ్చుకుంటే, కొడుకంటే నేనే అనుకున్నాను.

ఆ పుస్తకంలో లేనివి చాలా జరిగాయి. నాన్న రేడియో పెట్టడం మానేశాడు. తెల్లారకుండానే మెలకువొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తోట వైపు వెళ్లడమే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లు వరసగా పడిపోతే, కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ మొక్కలు నాటిన మనిషి ఆయన. ఆకలి లేదంటే కిడ్నీ వల్ల అనుకున్నాను. నిద్ర లేదంటే అదీ కిడ్నీ వల్లే. మాట్లాడకపోతే నీరసం అనుకున్నాను. ‘ధైర్యంగా ఉండు నాన్నా’ అని ఒక మాట అనేసి గ్లాసు కొలుచుకునేవాణ్ణి.

ఒకరోజు ‘నేను రాను’ అని డయాలసిస్ మానేశాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం చూస్తే పెరట్లో కూర్చుని కొబ్బరిబోండం ఎత్తి తాగేస్తున్నాడు. అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, ఒంట్లో పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. బోండం లాక్కుని, పక్కింటివాళ్లు చూస్తుండగానే ‘చచ్చిపోదామనా?’ అని అరిచాను.

నాన్న తల ఎత్తలేదు. ‘తోటంతా తడిపినోడిని, ఇప్పుడు గ్లాసుడు నీలు లెక్కెట్టుకుని తాగుతున్నాను. ఇదేటి బతుకురా బాబూ’ అన్నాడు.

ఆ రోజు కూడా నేను పక్కన కూర్చోలేదు. ఆటో కోసం ఫోన్ చేశాను.

తర్వాతిసారి డయాలసిస్ గదిలో ఉండే టెక్నీషియన్ కుర్రాడు నన్ను పక్కకి పిలిచి, ‘మూడు వారాలుగా పెద్దాయన ఎవరితోనూ మాట్లాడట్లేదన్నా, డాక్టరుగారికి చెప్పండి’ అన్నాడు. పరాయి పిల్లాడు గమనించింది ఇంట్లో ఉన్న నేను గమనించలేదు. డాక్టరు నాన్నని రెండే ప్రశ్నలడిగారు. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఇంకేం లాభం లేదన్నట్టు అనిపిస్తోందా? రెండింటికీ నాన్న తలూపాడు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంటే ‘మా నాన్నకి పిచ్చి లేదండీ’ అన్నాను. అన్నది నాన్న కాదు, నేను.

చివరికి వెళ్లాం. అక్కడ తెలిసింది ఇది: ఆకలి చావడం, నిద్ర పట్టకపోవడం, నీరసం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. అందుకే రెండోది మొదటిదాని చాటున దాక్కుంటుంది. దాన్ని వదిలేస్తే మనిషి మందులు మానేయొచ్చు, డయాలసిస్ మానేయొచ్చు. కిడ్నీ సంగతి ముందే చెప్పడంతో దానికి తగ్గట్టు మాత్ర, మోతాదు చూసి ఇచ్చారు. దాంతోపాటు కౌన్సెలింగ్. మూడోసారి వెళ్లినప్పుడు నాన్న నోరు విప్పి తమ్ముడి చావు గురించి, దాంతో పట్టుకున్న భయం గురించి మాట్లాడాడు. తలుపు బయట నుంచి విని, నాకూ అదే భయమని ఒప్పుకున్నాను. ఆయన్ని అడిగితే ఏం చెబుతాడోనన్న భయంతోనే అంకెల్లో తలదూర్చాను. అప్పటిదాకా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా నేను చేయించుకోలేదు. ఆ నెలలోనే చేయించుకున్నాను.

నాన్నకి జబ్బు తగ్గలేదు. డయాలసిస్ నడుస్తూనే ఉంది. కానీ సాయంత్రాలు తోటలో మంచం వేయించుకుని, కొత్త మొక్కలకి నీళ్లు ఎటు మళ్లించాలో నాకు చెబుతున్నాడు. కొన్ని రోజులు గోడ వైపే తిరిగి పడుకుంటాడు. అప్పుడు ధైర్యం చెప్పను, పక్కన కూర్చుంటాను.

మీ ఇంట్లో షుగరో, గుండెజబ్బో, క్యాన్సరో, కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లుంటే, రిపోర్టు చేతిలోకి తీసుకునే ముందు మనసెలా ఉందో అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే కసురుకోవద్దు, వెంటనే డాక్టరుకి చెప్పండి. మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.