ఫ్రైబుర్గు పట్టణములో మా యాఱు నెలలు

ఫ్రైబుర్గు జర్మనీ దేశమునకు నైఋతిమూలను, నల్లయడవి యనబడు కొండల పాదమున నున్న పట్టణము. పడమటికి కొంతదూరము పోయిన ఫ్రాన్సు. దక్షిణమునకు పోయిన స్విట్జర్లాండు. అచటి విశ్వవిద్యాలయము 1457లో స్థాపింపబడినది. పాతపేట వీధుల యంచున రాతిపలకల నడుమ సన్నని నీటికాలువలు పాఱుచుండును. క్రొత్తవారు తెలియక యందులో కాలుపెట్టినచో ఫ్రైబుర్గువారినే పెండ్లాడుదురని యచటివారు పరిహాసమాడుదురు. మేము చేరిన మఱునాడే కాలుపెట్టితిమి. మాకిరువదియేండ్ల క్రిందటనే వివాహమైనదని చెప్పగా, ప్రక్కన ట్రాముకొఱకు వేచియున్న యొక ముసలియామె పకపక నవ్వినది.

మేము వేడుక చూడబోయినవారము కాము. మా చెల్లెలికి రక్తమున లుకేమియా యను వ్యాధి సోకి, మనదేశమున నొకమారు నెమ్మదించి, మరల తిరుగబెట్టినది. తోబుట్టువుల మజ్జలోని మూలకణములు సరిపడినచో వానినెక్కించి బ్రతికింపవచ్చునని వైద్యులనిరి. పరీక్షింపగా మావి సరిపడినవి. ఈ చికిత్స మనదేశమునను చేయుదురు. కాని యామెను మొదటినుండి చూచుచున్న వైద్యులు, ఫ్రైబుర్గులోని వైద్యులకు కాగితములు పంపి, వారు రమ్మన్నపిదప పొమ్మనియే చెప్పిరి. మా తండ్రిగారు మాకిరువురకు నిచ్చిన పొలము విక్రయించి బయలుదేరితిమి. 2018వ సంవత్సరము ఆగష్టు 30వ తేదీన నచట దిగితిమి.

సోదరీమణులారా, ఇట్టి ప్రయాణము మీయింట నెవరికిని కలుగకుండుగాక. కలిగినచో రెండు లెక్కలు తెలిసియుండవలెను. యాత్రికులకిచ్చు షెంగెను వీసాతో జర్మనీ, ఫ్రాన్సు మొదలైన దేశములన్నిటను కలిపి నూటయెనుబది దినములలో తొంబది దినములే యుండవచ్చును. మూలకణములెక్కించిన రోగియో, ఎక్కించిన దినమునుండి నూఱు దినములైనను వైద్యశాలకు చేరువనే యుండవలెనని వైద్యుల మాట. ఎక్కించుటకు ముందు మందులిచ్చి సిద్ధపఱచుటకు మఱికొన్ని వారములు. కావున ప్రభుత్వమువారి తొంబది వైద్యుల నూటికి చాలదు. చెన్నపట్టణమందలి జర్మను కాన్సలేటునుండి మేమిరువురమును దీర్ఘకాల నివాసమునకు తగిన జాతీయ వీసానే తెచ్చుకొంటిమి. అదియు మొదట తొంబది దినములకే యిచ్చిరిగాని, దానికిని యాత్రికుల వీసాకును గల భేదము మాకు తరువాత తెలియవచ్చినది.

అందుకై యొసగిన కాగితములివి: రోగమేమి, చికిత్స యేమి, ఎంతకాలమను వైద్యశాలవారి యుత్తరము; ఖర్చు అంచనా; ముందుగా సొమ్ము కట్టినట్లు రసీదు; అచట జీవించుటకు ధనమున్నట్లు బ్యాంకు లెక్కలు; భీమా పత్రము. చెల్లెలికొకటియు మాకొకటియు దరఖాస్తులు వేఱు. రోగితో వచ్చినవారము గదా, ఆమె కాగితమే మాకును చాలునని తలచితిమి. చాలదు.

చేరిన రెండు వారములలోపల నివాసము నమోదు చేయించుకొనవలెను. దానికి ఇంటి యజమాని సంతకము చేసిన పత్రమొకటి కావలెను. మేము అద్దె రసీదు పట్టుకొని పోయి వెనుకకు వచ్చితిమి. మా యింటి యజమానురాలు డెబ్బదియేండ్లు దాటిన వితంతువు. ఆమె విని, మీరడుగలేదు గదా యని సొరుగు తెఱచి, అచ్చువేసిన కాగితమును తీసి, అప్పటికప్పుడే సంతకము చేసియిచ్చినది. అచట అడుగనిదే ఎవరును చెప్పరు. అడిగినచో ఎవరును దాచరు. ఈ రెండవ మాట తెలియుటకు మాకు చాలదినములు పట్టినది.

తరువాత నివాసానుమతి. జర్మనుల చట్టములో రోగికిగాని, తోడువచ్చినవారికిగాని వేఱుగా ప్రకరణము లేదు. ఏడవ సెక్షనులో, చట్టము చెప్పని యితర ప్రయోజనములకును తగిన కారణమున్నచో ననుమతి నీయవచ్చునని యొక వాక్యమున్నది. ఈయవచ్చుననియే గాని ఈయవలెనని కాదు. మా యాఱు నెలల కాపురమంతయు నా యొక్క క్రియాపదముమీద నిలిచియుండెను.

సెప్టెంబరు నడుమ నిరువురమును కచేరికి పోయితిమి. వ్రేలిముద్రలు యంత్రముపై నుంచుమనిరి. మా యవ్వ దస్తావేజులపై వ్రేలిముద్ర వేసెడిది. మనుమరాండ్రు సంతకము నేర్చిరని ఊరంతయు చెప్పుకొనెడిది. ఆమె యిది చూచిన నేమనునో యని చెల్లెలు నవ్వినది. ఫోటోలో నవ్వరాదట; అందువలన కచేరిలోనే కావలసినంత నవ్వుకొంటిమి. చెల్లెలి కాగితములన్నియు సరిగా నున్నవి. మా భీమా పత్రము మాత్రము మూడు నెలలకే యుండుటచేత, పూర్తికాలమునకు సరిపడు ఆరోగ్యభీమా తెండు, ఎప్పుడు రావలెనో యుత్తరము వ్రాసెదమని చెప్పి పంపిరి.

అక్టోబరు 9వ తేదీన మా రక్తమునుండి మూలకణములను వడగట్టి తీసి చెల్లెలికెక్కించిరి. మాకు సూదిబాధ తప్ప మఱేమియు లేదు. ఆమె యున్నది గాలినిగూడ వడగట్టి పంపెడి గది. చేతులు కడుగుకొని, ముఖమునకు గుడ్డ కట్టుకొని లోపలికి పోవలెను. పువ్వులు తేరాదు, పచ్చికూర తేరాదు. మేము సముద్రముదాటించి తెచ్చిన ఆవకాయజాడీని చూచి నర్సు, చూపుటకైన లోనికి తేవలదన్నది. ఆ జాడీ మా గది కిటికీలో కూర్చుండి నల్లయడవిని చూచుచుండెను. చెల్లెలు నోట పుండ్లు లేచి, గ్రుక్కెడు నీరు మ్రింగలేని దినములలో, ఆ జాడీ యెటులున్నదని మాత్రము వ్రాసి యడిగెడిది.

ఈ యాందోళనలో కచేరి యుత్తరముమాట మఱచితిమి. నవంబరు 14వ తేదీన చెల్లెలిని మా గదికి పంపిరి. వంట, మందులు, జ్వరము చూచుట, రెండుదినములకొకమారు వైద్యశాలకు తీసికొనిపోవుట, అన్నియు మావంతు. ఆ వారమున నొక రాత్రి ఆమెయే, “అక్కా, నీ కాగితమింకను రాలేదేమి?” అని యడిగినది. పాస్‌పోర్టు తీసి చూచితిమి. వీసా నవంబరు 27వ తేదీతో సరి. ఆ రాత్రి మాకు నిద్రలేదు. మేము పోవలసివచ్చినచో, భాషరాని యూరిలో, తన కూరగిన్నె తానెత్తలేని యామె యెట్లుండును?

19వ తేదీ సోమవారము తెల్లవారగనే కచేరికి పోయితిమి. వారు మా దస్త్రమును తెఱచి యొక కవరు చూపిరి. అక్టోబరులో పంపిన యుత్తరము తపాలవారు తిరిగియంపినది! పాస్‌పోర్టులో మా యింటిపేరే ప్రధానమైన పేరుగా నుండుటచేత కవరుమీద నదియే యున్నది. మేము తపాలపెట్టెమీద నంటించిన చీటిలో, మన యలవాటు చొప్పున, ఇంటిపేరును విడిచి మా పేరు మాత్రమే వ్రాసితిమి. ఆ దేశమున తపాలవాడు పెట్టెమీది పేరు చూచియే జాబు వేయును. ఆ పేరు లేకున్న వెనుకకు పంపును. తప్పు మాది. మన యింట నెవరికి జాబు వచ్చినను వీధిలోనివారు తెచ్చి యిత్తురు. ఇంటిపేరు శుభలేఖలకును సంకల్పములకును మాత్రమే పనికివచ్చునని యనుకొనియుంటిమి!

రెండు దినములు తిరిగి విదేశీయులకిచ్చు భీమా నొకదానిని కొంటిమి. చెల్లెలికి మా తోడు తప్పదని వైద్యశాలవారు సగము పుటలో వ్రాసియిచ్చిరి. 22వ తేదీన నవి యన్నియు నందుకొని, కచేరివారు మాకొక మడత కాగితమిచ్చిరి. గడువు తీరకముందే దరఖాస్తు చేసినవారికి, నిర్ణయమగువఱకు పాత యనుమతియే సాగుచున్నట్లు భావింతురు. దాని పేరులో ‘ఫిక్షన్’ అనుమాట యున్నది. మనమా మాటను కథలకు వాడుదుము గదా. చెల్లెలు దానిని చదివి, “ఇంతకాలము నీవు కథలు చదువుచుంటివి, ఇప్పుడు కథలోనే చేరితివి” అన్నది. యాత్రికుల షెంగెను వీసాపై వచ్చినవారికి ఈ కల్పన వర్తింపదట. బలమైన కారణము చూపిన దానిని పొడిగింపవచ్చునుగాని, నిర్ణయము వెలువడువఱకు కాపాడు నీడ యుండదు. చెన్నపట్టణమునుండి తెచ్చిన వీసాకు మేమెంత ఋణపడితిమో యప్పుడు తెలిసినది.

27వ తేదీ రాత్రి పెద్ద గంటయొకటి చాలసేపు మ్రోగినది. మరుదినము యజమానురాలి నడిగితిమి. 1944 నవంబరు 27వ తేదీ రాత్రి బ్రిటిషువారి విమానములు బాంబులు వేసి పాతపట్టణమును చాలవఱకు నేలమట్టము చేసినవట. నూటపదునాఱు మీటరుల యెత్తుగల పెద్దగుడి గోపురము మాత్రము నిలిచినది. ఏటేట ఆ దినమున, 1258లో పోతపోసిన హోసన్నా యను గంటను మ్రోగింతురు. ఆ రాత్రి తన తల్లి తన్ను దుప్పటిలో చుట్టి భూగృహములోనికి తీసికొనిపోయినట్లు చెప్పుదురేగాని, తనకేమియు జ్ఞాపకము లేదని యజమానురాలన్నది. మా తొంబదియవ దినమును అదియే.

జనవరి 17వ తేదీన నూఱు దినములు నిండినవి. దానికి వారము ముందే మా నివాసానుమతి కార్డు చేతికి వచ్చినది. దానికి నూఱు యూరోలు రుసుము. పరీక్షలో చెల్లెలి రక్తమున వ్యాధిచిహ్నములు కానరాలేదు. ఇంకను నిశ్చయముగా చెప్పుటకు కాలము కావలెననిరి.

ఫిబ్రవరిలో, తిరుగు ప్రయాణమునకు ముందు, ఆమె కోరగా బాడెన్‌వైలరుకు పోయితిమి. దక్షిణముగా రైలులో కొంతదూరము, పిదప బస్సు. కొండవాలున చిన్న యూరు, వేడినీటి యూటలు, 1784లో బయల్పడిన రోమనుల స్నానశాలల శిథిలములు. రష్యా రచయిత చేహోవు 1904లో క్షయచే మరణించినదిచ్చటనే. 1935లో కమలా నెహ్రూగారీ యూరి చికిత్సాలయముననే యుండిరి. ఆమె స్థితి విషమించినదని సెప్టెంబరు 4వ తేదీన జవహర్లాలుగారిని ఆల్మోరా జైలునుండి, అయిదున్నర నెలల శిక్ష మిగిలియుండగనే, విడుదల చేసిరి. ఆయన అలహాబాదునుండి విమానములో కరాచి, బాగ్దాదు, కైరోల మీదుగా వచ్చి, 9వ తేదీ సాయంకాలమున కిచటికి చేరిరి. రోగి పడకయొద్దకు చేరుటకు ప్రభుత్వపు సెలవు కావలసివచ్చుట అప్పుడును కలదు. పిదప నామెను స్విట్జర్లాండులోని లోసానుకు మార్చిరి. అచట 1936 ఫిబ్రవరి 28వ తేదీన మరణించిరి. చెల్లెలు స్నానశాలల చెంత బల్లపై కూర్చుండి చాలసేపు మాటాడలేదు. తరువాత, చలిగానున్నది, పోదమన్నది.

పోవునపుడును నివాసము రద్దు చేయించుకొనవలెను, అదియు చేసితిమి. ఆవకాయజాడీని యజమానురాలికిచ్చి, మొదట నెంత కొంచెము వేసికొనవలెనో వ్రేలికొన చూపి చెప్పితిమి. తపాలపెట్టెమీది చీటి తీయబోగా నామె వారించినది. ఇంకనేదైన నుత్తరము వచ్చునేమో, కొన్నాళ్లుండనిండన్నది. ఇంటిపేరుతో సహా నాలుగంగుళముల యక్షరములతో వ్రాసిన యా చీటినట్లే యుంచి వచ్చితిమి.