అయస్కాంతంలో అల, వజ్రంలో వెలుగు

ఫిజిక్స్ మన పిల్లలకు ఎక్కదన్న మాట మేం చాలాసార్లు విన్నాం. ఎక్కనిది ఫిజిక్సా, దాన్ని చెప్పే భాషా? తేల్చుకుందామని కష్టమైన సంగతినే ఎంచుకున్నాం: స్పిన్ తరంగాలు.

అయస్కాంతంలోని పరమాణువులు చిన్న చిన్న సూదుల్లాంటివి. అన్నీ ఒకే దిక్కు చూస్తుంటాయి. ఒక సూది కాస్త ఒరిగి బొంగరంలా తిరిగితే, పక్కది కొంచెం ఆలస్యంగా అలాగే తిరుగుతుంది. థింసా వరుసలో ఈ చివరి ఊపు ఆ చివరికి అందినట్టే. 1930లో ఫెలిక్స్ బ్లాక్ ఈ అలలకు లెక్క కట్టాడు. ఇక్కడ కరెంటు పారక్కర్లేదు, కబురు మాత్రం పోతుంది. తీగలో కరెంటు పుట్టించే వేడి ఉండదు కనుక రేపటి కంప్యూటర్లకు ఇది పనికొస్తుందని ఆశ.

మరి కంటికి కనబడని అలను పట్టేదెలా? వజ్రంలో ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క చోటు ఖాళీగా ఉంటే, పచ్చ లేజర్ వేసినప్పుడు అక్కడ ఎర్రగా వెలుగుతుంది. సెకనుకు 287 కోట్ల సార్లు ఊగే మైక్రోవేవ్ తగిలితే ఆ వెలుగు తగ్గుతుంది. దగ్గర అయస్కాంతం పెడితే ఈ అంకె మారుతుంది. స్పిన్ అల చుట్టూ కూడా అలా ఊగే అయస్కాంత క్షేత్రం ఉంటుంది. రెండిటి ఊపూ కలిస్తే వెలుగు తగ్గుతుంది, అల దొరుకుతుంది. అల క్షేత్రం దూరం పోదు కనుక వజ్రాన్ని దాదాపు ఆనించి పెట్టాలి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు 2020లో యిట్రియం ఐరన్ గార్నెట్ పొర మీద ఇలాగే అలల బొమ్మ తీశారు.

పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా పిల్లలకు చెప్పాలి. థింసాలో చేతులు కలుస్తాయి. స్పిన్‌లకు చేతుల్లేవు, వాటిని కలిపేది క్వాంటం బంధం. దానికి కువిలో, కోయలో, గోండిలో ఏ మాట వాడాలో మనమే కూర్చుని తేల్చుకోవాలి.

2023లో కేంద్రం జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. అందులో సెన్సార్ల పనికి ఐఐటీ బొంబాయి కేంద్రం. అక్కడికి పోయే దారి ఇంటర్ ఎంపీసీలో మొదలవుతుంది. పది పాసైన పిల్లకు "నీకెందుకమ్మా లెక్కలు" అంటే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది.

టీచర్లకు మా మనవి ఒక్కటే. నాలుగైదు దిక్సూచులు దగ్గర దగ్గరగా వరుసలో పెట్టి, మొదటి సూదిని చిన్న అయస్కాంతంతో కదపండి. పక్క సూదులు ఏం చేశాయో పిల్లల్ని ఇంటి భాషలో చెప్పమనండి. పుస్తకం ఆ తర్వాత తెరవండి.